సోయిలో లేనట్టు అనిపిస్తే: 28 ప్రశ్నల ఫారం గురించి

పోస్టు కొంచెం పొడవే, వీకెండ్‌లో తీరిగ్గా చదవండి.

డ్యూటీ అయ్యాక ఐ-88 మీద డ్రైవ్ చేసుకుంటూ రూట్ 59 దగ్గర ఇంటికి చేరతాం. కారు ఆపాక ఆలోచిస్తే ఎగ్జిట్ ఎప్పుడు తీసుకున్నామో గుర్తుండదు. అమ్మతో పది నిమిషాలు ఫోన్లో మాట్లాడతాం, ఆమె చెప్పింది ఒక్క ముక్క తలకెక్కదు. తెలంగాణలో దీనికి మంచి మాట ఉంది, "సోయిలో లేను" అంటాం. డాక్టర్లు డిసోసియేషన్ అంటారు. మామూలు పరధ్యానం నుంచి వైద్యం కావాల్సిన స్థితి దాకా అన్నీ ఆ మాట కిందికే వస్తాయి. మనది ఎక్కడుందో తెలుసుకుందామని మనలో కొందరు అర్ధరాత్రి ఫోన్లో వెతికి ఒక ఫారం నింపుతుంటారు. నేపర్‌విల్‌లో మా రూమ్‌లో మేమూ నింపాం.

ఆ ఫారం పేరు డిసోసియేటివ్ ఎక్స్‌పీరియెన్సెస్ స్కేల్, పొట్టిగా డీఈఎస్. ఈవ్ బెర్న్‌స్టీన్ కార్ల్‌సన్, ఫ్రాంక్ పుట్నమ్ అనే ఇద్దరు 1986లో తయారు చేశారు. 1993లో సవరించారు. మొత్తం 28 ప్రశ్నలు. ఒక్కోదానికి 0 నుంచి 100 దాకా పది పది చొప్పున అంకె వేయాలి. అన్నీ కూడి 28తో భాగిస్తే వచ్చేదే స్కోరు. 30 గానీ అంతకు మించి గానీ వస్తే నిపుణులకి చూపించుకోమంటారు.

నింపేముందు రెండు సంగతులు చూసుకోండి. అది అడిగేది ఎంత తరచుగా జరుగుతోందని, ఎంత బాధగా ఉందని కాదు. మనోళ్లు బాధకి మార్కులు వేస్తుంటారు. రెండోది, మందు తాగినప్పుడో ఇంకేదైనా మత్తులోనో జరిగినవి లెక్కలోకి రావు. ఇల్లినాయిస్‌లో 2020 నుంచి గంజాయి చట్టబద్ధం. అది వాడేవాళ్లకి లోకమంతా కలలా కనిపించడం తెలిసిన సంగతే, కాబట్టి ఈ నిబంధన ముఖ్యం.

ఇప్పుడు అసలు విషయం. మాలో ఒకడికి వాళ్ల నాన్న పోయారు. వీసా స్టాంపింగ్ భయంతో ఊరికి వెళ్లలేకపోయాడు. చితి అంటించడం వీడియో కాల్‌లో చూశాడు, పొద్దున తొమ్మిదికి మీటింగ్‌లో కూర్చున్నాడు. ఆ తర్వాత కొన్ని వారాలకి "నా చేతులు నావి కావురా, ఎవరో టైప్ చేస్తుంటే చూస్తున్నట్టుంది" అన్నాడు. ఫారం నింపితే స్కోరు 10 వచ్చింది. ఇంకొకడికి 16 వచ్చింది. 30కి ఇద్దరూ దూరమే. మొదటివాడు "నాకేం లేదట, నీకే ఎక్కువ" అని నవ్వి ఫోన్ పక్కన పడేశాడు.

అప్పుడు ఇద్దరి జవాబులూ పక్కపక్కన పెట్టి చూశాం. 16 వచ్చినవాడు ఏడు ప్రశ్నలకే అంకె వేశాడు: దారి గుర్తులేకపోవడం, సినిమాలో మునిగిపోవడం, పగటి కలలు, తనలో తాను పైకే మాట్లాడుకోవడం, అలాంటివి. కలిపితే 450. 10 వచ్చినవాడిది మొత్తం 280. అందులో 260 మూడు ప్రశ్నల నుంచే: ఒళ్లు తనది కానట్టుండటం 90, చుట్టూ ఉన్న మనుషులూ వస్తువులూ నిజం కానట్టుండటం 90, మంచులోంచి చూస్తున్నట్టుండటం 80. మిగతావన్నీ దాదాపు సున్నాలే. 28తో భాగించేసరికి ఆ మూడూ కనిపించకుండా పోయాయి.

ఇది మేం కనిపెట్టిందేం కాదు. ఈ 28లోంచి 8 ప్రశ్నల్ని విడిగా చూడాలని 1996లోనే నీల్స్ వాలర్, పుట్నమ్, కార్ల్‌సన్ రాశారు. ఒళ్లు తనది కానట్టుండటం, లోకం నిజం కానట్టుండటం ఆ ఎనిమిదిలో ఉన్నాయి. ఎలా వచ్చామో తెలియకుండా ఎక్కడో తేలడం, అయినవాళ్లని గుర్తుపట్టకపోవడం కూడా ఉన్నాయి. సినిమాలో మునిగిపోవడం లేదు. అందుకని స్కోరు చూసి ఊరుకోవద్దు, భయపడొద్దు. ఏ ప్రశ్న దగ్గర మీ వేలు ఆగిందో అది రాసుకోండి.

మన పెంపకం కూడా లెక్కలోకి తీసుకోవాలి. బోనాలప్పుడు పూనకాలు చూస్తూ పెరిగినవాళ్లం. సికింద్రాబాద్ ఉజ్జయిని మహంకాళి గుడిలో రంగం రోజున పచ్చికుండ మీద నిలబడి భవిష్యవాణి చెప్పే ఆమెని ఎవరూ రోగి అనరు. అమెరికా డాక్టర్లు వాడే డీఎస్‌ఎం-5 పుస్తకం (2013) కూడా ఒక సమాజం ఒప్పుకున్న ఆచారాన్ని జబ్బు అనదు. మనం అడగాల్సింది వేరు: ఇది మనం రమ్మనకుండా వస్తోందా, పనికీ బతుక్కీ అడ్డం పడుతోందా?

ఒళ్లు తనది కానట్టుండటం గురించే 2000లో వచ్చిన కేంబ్రిడ్జ్ స్కేల్ ఉంది, 29 ప్రశ్నలు. గత ఆరు నెలల్లో ఎన్నిసార్లు వచ్చింది, వస్తే ఎంతసేపు ఉంది, రెండూ అడుగుతుంది. ఏ ఫారమూ జబ్బు ఇదీ అని తేల్చదు. డాక్టర్ దగ్గర మాట మొదలుపెట్టడానికి పనికొస్తుంది, అంతే.

మావాడు ఆ మూడు ప్రశ్నలూ, ఒక్కోదానికి ఒక ఉదాహరణా, ఎప్పుడు మొదలైంది, రాత్రి ఎన్ని గంటలు పడుకుంటున్నాడు, అన్నీ ఒక కాగితం మీద రాసుకుని ఫ్యామిలీ డాక్టర్ దగ్గరికి వెళ్లాడు. ముందు అక్కడికే వెళ్లడం మంచిది. మూర్ఛ, తలకి దెబ్బ, వాడుతున్న మందులు, నిద్రలేమి, వీటివల్ల కూడా ఇలా జరగొచ్చు. అక్కణ్ణుంచి కౌన్సెలర్ దగ్గరికి పంపారు. నాన్న గురించి మొదటిసారి ఏడ్చింది అక్కడేనట. చేతులు తనవి కానట్టు ఇప్పటికీ అప్పుడప్పుడు అనిపిస్తుంది, కానీ తగ్గింది.

"కంపెనీకి తెలిస్తే?" అని అడుగుతారు, తెలుసు. 1996 నాటి హిపా చట్టం ప్రకారం మన అనుమతి లేకుండా డాక్టర్ మన వివరాలు కంపెనీకి ఇవ్వకూడదు. నేపర్‌విల్‌లోనే మానసిక వైద్యానికి లిండెన్ ఓక్స్ ఆసుపత్రి ఉంది. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తే 988కి కాల్ చేయండి, రాత్రయినా పగలైనా. ఇండియాలో ఉన్న మనవాళ్లకి టెలీ మానస్ 14416 ఉంది, తెలుగులో మాట్లాడతారు. డ్రైవింగ్‌లో నిజంగానే సోయి పోతుంటే, డాక్టర్ చూసేదాకా కారు తాళాలు రూమ్మేట్‌కి ఇచ్చేయండి.

ఫారం నింపాలనుకుంటే ఒంటరిగా రాత్రి రెండింటికి నింపొద్దు. శనివారం పొద్దున, టీ పెట్టుకుని, మిమ్మల్ని ఎరిగినవాళ్లని పక్కన కూర్చోబెట్టుకుని నింపండి. మనం మర్చిపోయినవి వాళ్లకి గుర్తుంటాయి.