ఒక్క గుండూ పేలని ఆఖరి వేట

ఒకినావా వెళ్లినవాళ్లు చాలామంది చురౌమి అక్వేరియంలో వేల్ షార్క్ చూసి, నాలుగు ఫొటోలు దిగి వచ్చేస్తారు. అక్కడి ఒడ్డున నిలబడి సముద్రం వైపు చూడండి. చదునైన దీవి, దాని మీద మొనదేలిన ఒకే ఒక్క కొండ. అదే ఇయెజిమా. మొటోబు పోర్టు నుంచి ఫెర్రీలో అరగంట ప్రయాణం. జనం సుమారు నాలుగు వేలు, ఫేమస్ ఐటమ్ వేరుశెనగ. నేను మాత్రం ఓ నల్ల విమానం కథ వెతుక్కుంటూ వెళ్లాను.

రేవులో సైకిల్ అద్దెకు తీసుకుని ముందు గుసుకు కొండెక్కాను. ఎత్తు 172 మీటర్లే గానీ మెట్లు మోకాళ్లకి బాగానే పని చెప్తాయి. పైనుంచి చూస్తే దీవి మొత్తం అరచేతిలో ఉన్నట్టుంటుంది. రన్‌వేల గీతలు ఇప్పటికీ తెలుస్తాయి. ఒకటి అమెరికన్ మెరైన్ల శిక్షణకి, ఒకటి చిన్న సివిల్ ఎయిర్‌పోర్టు. మధ్యలోది ఇప్పుడు ఊరివాళ్ల రోడ్డు. దాని మీదే సైకిల్ తొక్కుకుంటూ పోయాను, అడ్డొచ్చేవాడు లేడు.

1945 జూన్‌లో ఇవో జిమా నుంచి ఇక్కడికొచ్చింది అమెరికా 548వ నైట్ ఫైటర్ స్క్వాడ్రన్. వాళ్ల విమానం పీ-61 బ్లాక్ విడో. రాత్రి వేట కోసమే అమెరికా మొదటిసారి ప్రత్యేకంగా డిజైన్ చేసిన యుద్ధవిమానం ఇది. ఒళ్లంతా నిగనిగలాడే నలుపు. సర్చ్‌లైట్లకి తక్కువగా దొరికేది ఆ మెరిసే నలుపేనని పరీక్షల్లో తేలిందట!

పని ఎలా సాగేదంటే... చీకట్లో శత్రు విమానం వస్తోందని ముందు నేల మీది రాడార్ పసిగడుతుంది. కంట్రోలర్ రేడియోలో దారి చెప్తూ మన విమానాన్ని దగ్గరకి చేరుస్తాడు. అక్కణ్నుంచి బాధ్యత వెనక సీట్లోని రాడార్ ఆపరేటర్‌ది. అతనికి బయటి ఆకాశంతో పనిలేదు, తెర మీది చుక్కే లోకం. 'ఎడమకి, కాస్త పైకి, స్పీడ్ తగ్గించు' అంటూ పైలట్‌ని నడిపించాలి. చివరికి పైలట్ తన కళ్లతో చూసి, అది శత్రువుదేనని తేల్చుకున్నాకే కాల్చాలి. అంటే అంత చీకట్లో, అంత దగ్గరకి వెళ్లాలి. రాడార్ ఉందిగా, ఈజీ అనుకుంటాం గానీ సగం పని చెవుల మీద, మిగతా సగం నమ్మకం మీద.

ఆగస్టు 14 రాత్రి ఈ స్క్వాడ్రన్‌కి చెందిన 'లేడీ ఇన్ ది డార్క్' అనే విమానం ఓ జపాన్ ఫైటర్ వెంటపడింది. తప్పించుకోవాలని అతను కిందికి, ఇంకా కిందికి దిగాడు. అలల్ని గుద్దుకుని మునిగిపోయాడు. ఒక్క గుండూ పేలలేదు. యుద్ధం ముగిసేలోపు మిత్రపక్షాలు గెలిచిన చివరి గగనపోరు ఇదేనని అనధికారికంగా చెప్పుకుంటారు. మర్నాడు మధ్యాహ్నం 12 గంటలకి లొంగిపోతున్నామని చక్రవర్తి రేడియోలో చెప్పేశాడు. నీళ్లలో కలిసిన ఆ పైలట్ ఇంకొక్క పూట గడిపి ఉంటే ఆ మాట వినేవాడు.

ఆగస్టు 19న తెల్ల రంగు వేసి, ఆకుపచ్చ శిలువ గుర్తులు పెట్టిన రెండు జపాన్ విమానాలు ఇదే దీవిలో దిగాయి. లొంగుబాటు మాటల కోసం మనీలా వెళ్లే ప్రతినిధులు ఇక్కడే విమానం మారారు. కథ ఇక్కడితో అయిపోయిందనుకుంటాం కదా!

ఊళ్లో ఓ మర్రి జాతి చెట్టుంది, గజుమారు అంటారు. ఇద్దరు జపాన్ సైనికులు యుద్ధం ముగిసిందని తెలీక 1947 దాకా, దాదాపు రెండేళ్లు, దాని కొమ్మల్లో దాక్కుని బతికారు. రాత్రిళ్లు దిగి తిండి వెతుక్కోవడం, తెల్లారితే మళ్లీ పైకెక్కడం. మన ఊరి మర్రిచెట్టు కింద పేకాడుకునేవాళ్లని చూశాను గానీ, పైన రెండేళ్లు కాపురముండటం ఊహకి అందలేదు.

పర్యాటకులు ఎక్కువగా ఆగేది ఎర్నీ పైల్ స్మారకం దగ్గర. 1945 ఏప్రిల్ 18న ఇక్కడ తూటాకి బలైన అమెరికన్ జర్నలిస్టు ఆయన. ఆ ఏప్రిల్‌లో ఆరు రోజుల పోరాటంలో సుమారు 1,500 మంది దీవివాసులూ చనిపోయారు. విమానాల పుస్తకాల్లో వాళ్లకి దొరికేది మహా అయితే ఒక లైను.

తిరుగు ఫెర్రీకి టైముంటే రేవు దగ్గరి మరో స్మారకం చూడండి. 1948 ఆగస్టు 6న, పేలకుండా మిగిలిన బాంబుల్ని పారేయడానికి అమెరికన్ సైన్యం ఓడలోకి ఎక్కిస్తుంటే పేలుడు జరిగింది. ఫెర్రీ దిగినవాళ్లు, వాళ్లకి ఎదురొచ్చినవాళ్లు కలిపి వందమందికి పైగా పోయారు. యుద్ధం ముగిసి అప్పటికి మూడేళ్లు.