చెమ్మచెక్కకు కవి లేడు

పల్నాటి కథలో మగపిల్లల ఆటకు పెద్దపీటే వేశారు. బాలచంద్రుడు బొంగరం ఆడాడు, అది ఎగిరి ఓ ఆడమనిషి కాలికి తగిలింది, ఆమె అన్న మాట అతణ్ణి కారంపూడి రణానికి తోలింది. శ్రీనాథుడి పేరుమీద చెలామణీ అయ్యే కావ్యంలోనూ, వీరవిద్యావంతుల నోటా ఆ బొంగరం ఇంకా తిరుగుతూనే ఉంది. అదే సీమలో ఆడపిల్లలు ఆడుకునే చెమ్మచెక్కను మాత్రం ఏ కవీ పట్టించుకోలేదు. అందుకు నాకేం బాధలేదు. ఆ నిర్లక్ష్యమే దాన్ని బతికించిందేమోనని అనుమానం.

వీరగాథ నిలవాలంటే ఏర్పాట్లు కావాలి. కార్తీక అమావాస్యకు ఉత్సవాలు జరగాలి, వీరుల ఆయుధాలకు పూజలందాలి, కథ వచ్చినవాళ్ళుండాలి. చెమ్మచెక్కకు ఎదురుగా ఇంకో పిల్ల ఉంటే చాలు.

చంటిబిడ్డ చేతులు పట్టుకుని చప్పట్లు కొట్టించడం వరకే అమ్మమ్మల పని. ఆ తర్వాత ఎనిమిదేళ్ళ పిల్లకు పదేళ్ళ పిల్లే గురువు. ఇంకో రెండు మూడేళ్ళకు ఆ గురువుకి సిగ్గు ముంచుకొచ్చి ఆట మానేస్తుంది. చదువూ కఠినమే: తాళం తప్పితే మళ్ళీ మొదటికి. మాట మరిచినా చెయ్యి ఆగకూడదు కాబట్టి నోటికొచ్చిందల్లా పాటలో పడుతుంది. సినిమా హీరో పేరు, బిస్కెట్ పేరు, కాన్వెంటులో విన్న ఇంగ్లీషు ముక్క. దెబ్బల లెక్కలో ఇమిడితే అర్థంలేని మాటైనా ఉంటుంది, ఇమడకపోతే ఎంత మంచి మాటైనా రాలిపోతుంది. పెద్దల కవిత్వానికీ ఈ పరీక్ష పెడితే కొంత కాగితం మిగిలేది.

వేటూరి ప్రభాకరశాస్త్రిగారు ‘బాలభాష’ పేరిట పిల్లల పాటలు పోగుచేశారు. గొప్ప పనే. కాకపోతే అచ్చులోకి మాటలు ఎక్కినంత సులువుగా చేతులు ఎక్కవు.

ఈ పాటలకు కాళ్ళెక్కడివి? 1936 డిసెంబరులో ఎనిమిదో ఎడ్వర్డు గద్దె దిగినప్పుడు, ఆయన మనసుపడ్డ సింప్సన్ మీద ఓ కొంటె పాట పుట్టింది. పత్రికల సాయం, రేడియో సాయం లేకుండానే కొద్ది వారాల్లో ఇంగ్లండు బడులన్నీ చుట్టేసిందని పిల్లల పాటలు సేకరించిన ఓపీ దంపతులు 1959 నాటి తమ పుస్తకంలో రాశారు. మన దగ్గర వేసవి సెలవులకు అమ్మమ్మగారి ఊరు, శివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్ళు ఆ పని చేస్తాయి. ఫోన్లలో వీడియోలూ వచ్చాయిగానీ వాటి తాళం మరీ నీరసం.

ఇవన్నీ ఒకెత్తు, మిరపకోతలు ఒకెత్తు. ఏటా కర్నూలు పడమటి పల్లెల నుంచి, కోసిగి, మంత్రాలయం వైపు నుంచి కుటుంబాలు పిల్లాపాపలతో ఇటు పల్నాడుకు కోతలకు వలస వస్తాయి. చదువుకోవాల్సిన పిల్లలు బడి మాని చేలగట్ల మీద గడపడం మెచ్చుకోదగ్గది కాదు, అది వేరే చర్చ. కానీ ఇద్దరు పిల్లలు ఎదురుపడితే ఆట ఆగదుగా. మాటలు వేరైనా సర్దుకుంటారు. పేచీ వచ్చేది ముందు తట్టేది కుడిచెయ్యా ఎడమచెయ్యా అన్నచోటే. అక్కడ గట్టిగా అరిచిన పిల్లదే పద్ధతి.