జవాబు ఏ పేరుతో వెళ్తోంది?

మెయిలైడీ ఒక్కటే ఉన్నవాళ్ళు అదృష్టవంతులు. నాకు తెలిసినంతలో అలాంటివాళ్ళు మా నాన్నగారు తప్ప ఎవరూ లేరు. మిగతా అందరికీ కనీసం రెండు మూడు ఉంటాయి. కాలేజీ రోజుల్లో సరదాకి పెట్టుకున్నదొకటి (ఆ పేరు నలుగురిలో చెప్పుకోలేం), ఉద్యోగాల వేటలో పెట్టుకున్న పెద్దమనిషి తరహాదొకటి, షాపింగు సైట్లకీ కూపన్లకీ పడేసేది ఇంకొకటి. వీటన్నిటినీ విడివిడిగా తెరిచి చూసే ఓపిక ఎవరికుంది? అన్నిటినీ ఒకే ఇన్‌బాక్సులోకి మళ్ళించుకుంటాం. ఇలా అసలు అకౌంటు ఒకటే ఉండి, దానికి తగిలించిన వేరే చిరునామాని ఎలియాస్ అంటారు. మనం మారుపేరు అనుకుందాం.

మారుపేరుకి వచ్చే మెయిలు అందుకోవడం చాలా తేలిక. చిక్కంతా జవాబు రాసేటప్పుడే. చాలా మెయిలు సర్వీసుల్లో, మీరు ముందుగా ప్రత్యేకంగా చెప్పి ఉంచకపోతే, రిప్లై నొక్కగానే జవాబు అసలు చిరునామాతోనే వెళ్ళిపోతుంది. ఎంతో జాగ్రత్తగా వేసుకున్న ముసుగు ఒక్క బటనుతో జారిపోతుందన్నమాట.

"పోతే పోనీ, అంత దాచుకునేదేముంది?" అని నా స్నేహితుడొకడు తేలిగ్గా తీసిపారేశాడు. వాడికి మా పిన్ని కూతురి సంగతి చెప్పాను. అక్కకి సంబంధాలు చూస్తున్న రోజుల్లో, బయోడేటాలు పంపడానికని విడిగా ఒక చిరునామా పెట్టుకుంది. అందులో ఇంటిపేరు లేదు, ఆఫీసు ఊసు లేదు. తెలివైన పనే. ఒక సంబంధం కుదరలేదు. అవతలి అబ్బాయి మెయిలు రాస్తే, "మావాళ్ళు వద్దనుకున్నారండీ, ఏమీ అనుకోకండి" అని మర్యాదగా రెండు ముక్కలు రాసింది. ఆ రెండు ముక్కలూ అసలు చిరునామాతో వెళ్ళాయి. కింద సంతకంలో పూర్తి పేరు, కంపెనీ, సెల్ నంబరు! ఇంకేముంది, ఫోన్లు మొదలయ్యాయి. తర్వాత ఆఫీసులో ఆవిడ టీమువాళ్ళకి మెసేజీలు. చివరికి నంబరు మార్చుకోవాల్సి వచ్చింది. నంబరైతే మార్చింది గానీ మెయిలైడీ ఎలా మారుస్తుంది? బ్యాంకు, పీఎఫ్, పాస్‌పోర్టు అన్నీ దానిమీదే ఉన్నాయి. మారుపేరైతే ఒక్క క్లిక్కుతో మూసేసేది కదా.

అక్క వాడింది ఏ సర్వీసో ఇక్కడ అనవసరం. ఇందులో ఆవిడ తప్పు కూడా ఏమీ లేదు. ఏ గుమ్మం దగ్గరికి వచ్చి పిలిస్తే ఆ గుమ్మంలోంచే పలుకుతామని ఎవరైనా అనుకుంటారు. సాఫ్ట్‌వేరు రాసేవాళ్ళం మేమే అలా అనుకోలేదు.

అసలు మెయిలుకి రెండు 'ఫ్రం'లు ఉంటాయని చాలామందికి తెలీదు. పాతకాలం ఉత్తరం ఊహించుకోండి. కవరు మీద పంపినవారి చిరునామా ఒకటి, లోపల కాగితం మీద సంతకం ఒకటి. 1982లో ఎస్ఎంటీపీ పద్ధతి రాసుకున్నప్పుడు కూడా ఇదే ఏర్పాటు. సర్వర్లు చూసుకునేది కవరు, మనకి తెర మీద కనిపించేది లోపలి సంతకం. రెండూ ఒకటే అవ్వాలన్న నియమం లేదు. మా నెట్‌వర్క్స్ ల్యాబులో సారు 25వ పోర్టుకి టెల్నెట్ కొట్టి, ప్రిన్సిపాల్‌గారి పేరుతో తనకి తనే సెలవు మంజూరు చేసుకుని చూపించారు. ఆ సెమిస్టరంతటిలో నాకు బాగా గుర్తున్న పాఠం అదొక్కటే :)

ఇప్పుడు అలా కుదరదు లెండి. ఫలానా డొమైను తరఫున ఏ సర్వర్లు మెయిలు పంపొచ్చో చెప్పే ఎస్పీఎఫ్, మెయిలు మీద డిజిటల్ ముద్ర వేసే డీకిమ్ వచ్చాయి. ఈ రెంటిలో ఒక్కటైనా కనిపించే సంతకంలోని డొమైనుతో సరిపోవాలనే డీమార్క్ 2012లో వచ్చింది. 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్, యాహూ పెద్ద ఎత్తున మెయిళ్ళు పంపేవాళ్ళకి డీమార్క్ తప్పనిసరి చేశాయి. అందుకే మీ సొంత డొమైను మారుపేరుని జీమెయిల్లో చేర్చబోతే ఎస్ఎంటీపీ సర్వరు పేరు, పాస్‌వర్డు అడుగుతుంది. ఆ డొమైను సర్వరు ద్వారా పంపితేనే ఆ ముద్ర సరిగ్గా పడుతుంది. 2009కి ముందు జీమెయిల్లో ఈ సదుపాయం లేక, ఔట్‌లుక్ వాడేవాళ్ళకి 'ఫలానావారి తరఫున ఫలానావారు' అని రెండు పేర్లూ కనిపించేవి. ముసుగు వేసుకుని మెళ్ళో పేరు బిళ్ళ తగిలించుకున్నట్టు.

ఇంతకీ చేయాల్సింది చిన్న పనే. జీమెయిల్ వాడేవాళ్ళు కంప్యూటర్లో సెట్టింగ్స్ తెరిచి, 'అకౌంట్స్' భాగంలో 'సెండ్ మెయిల్ యాజ్' దగ్గర మారుపేరు చేర్చుకోవాలి. ఆ చిరునామా మీదేనని నిర్ధారించడానికి ఒక కోడ్ వస్తుంది. అది అయ్యాక అక్కడే 'వెన్ రిప్లయింగ్ టు ఎ మెసేజ్' అని ఒక వరస కనిపిస్తుంది. అందులో, మెయిలు ఏ చిరునామాకి వచ్చిందో దాన్నుంచే జవాబు వెళ్ళాలన్నదాన్ని ఎంచుకోవాలి. ఒకే చిరునామా ఉన్నవాళ్ళకి ఆ వరసే కనిపించదు, కాబట్టి వెతికి కంగారుపడకండి.

ప్లస్ గుర్తు చిట్కా చాలామంది చెప్తుంటారు. మీ పేరు పక్కన ప్లస్ పెట్టి ఏ ముక్క తగిలించినా జీమెయిల్లో మీకే వస్తుంది. ఎవడు మన ఐడీ ఎవడికి అమ్మాడో పట్టుకోడానికి అది పనికొస్తుంది, కాదనను. కానీ అది మారుపేరు కాదు, అసలు పేరుకి తోక. ఆ తోక కత్తిరించడం చిన్నపిల్లాడికైనా వచ్చు. నిజంగా దాచుకోవాలంటే యాపిల్ తెచ్చిన 'హైడ్ మై ఈమెయిల్' లాంటి మధ్యవర్తి సర్వీసులే నయం. మన జవాబు ముందు వాళ్ళ దగ్గరికి వెళ్ళి, అక్కడ పేరు మార్చుకుని బయల్దేరుతుంది.

చిరునామా మార్చినంత మాత్రాన అయిపోలేదు. సంతకం ఒకసారి చూసుకోండి. చిరునామా పక్కన కనపడే పేరు కూడా. 'ఒరిజినల్' తెరిచి చూసే ఓపికున్నవాడికి కవరు మీది అసలు చిరునామా కనపడే అవకాశం ఉంది. ఇక డ్రైవ్‌లో ఫైలు షేర్ చేస్తే మారుపేరు దాని జోలికే రాదు, అకౌంటు పేరే వెళ్తుంది. నామటుకు నేను ఏ కొత్త మారుపేరైనా ముందు ఇంట్లోవాళ్ళకి ఒక మెయిలు కొట్టి, వాళ్ళ చేత రిప్లై ఇప్పించి, దానికి మళ్ళీ జవాబు రాసి చూస్తాను. మా ఇంట్లో దీన్ని "వీడి పిచ్చి" అంటారు.

వేరే పేరుతో రాయడం మోసం కాదా అనేవాళ్ళూ ఉన్నారు. మనకి ఇదేమైనా కొత్తా? రికార్డుల్లో ఒక పేరు, ఇంట్లో చంటీ, బుజ్జీ. ఆరుద్రగారి అసలు పేరు భాగవతుల సదాశివశంకర శాస్త్రి. ఆరుద్ర పేరు మీద వచ్చిన పుస్తకం కొన్నవాళ్ళెవరూ మోసపోయామనలేదే. బీనాదేవి అయితే భార్యాభర్తలిద్దరూ కలిసి పెట్టుకున్న ఒక్క పేరు.

ఈ బీనాదేవి పద్ధతే మా అపార్ట్‌మెంటు సంఘం ట్రెజరర్ చిరునామాది కూడా. ఏడాదికొకరు ఆ పదవిలోకి వస్తారు, చిరునామా మాత్రం అదే. ఒక ట్రెజరర్‌గారు ఏడాదంతా జవాబులన్నీ తన సొంత ఐడీ నుంచే ఇచ్చారు. ఆయన దిగిపోయి రెండేళ్ళయినా, మెయింటెనెన్సు రశీదు రాలేదనీ, లిఫ్టు ఆగిందనీ జనం ఇప్పటికీ ఆయనకే రాస్తున్నారు. కొత్తాయన దగ్గర పాత ఉత్తరప్రత్యుత్తరాలు ఒక్కటీ లేవు. మొన్న వాటర్ ట్యాంకరు బిల్లు మీద తగువొస్తే, అప్పుడు ఎంతకి ఒప్పుకున్నారో తెలుసుకోడానికి పాతాయనకి ఫోను చేయాల్సొచ్చింది. ఆయన ఇప్పుడు డాలస్‌లో ఉన్నారు, మనకి పగలైతే ఆయనకి రాత్రి.