రంగుకు ముందు

దసరా దగ్గరపడుతుంటే గోడలు కొత్తగా కనిపించాలన్న కోరిక పుడుతుంది. పెయింటర్ వచ్చి ఇల్లంతా కలయచూసి గుత్తకు ఒక అంకె చెబుతాడు. మనం వెంటనే బేరానికి దిగుతాం. ఆ డబ్బు దేనికిస్తున్నామో మాత్రం అడగం.

పది బై పన్నెండు గది అంటే 120 చదరపు అడుగులేగా అనుకుంటాం. పదడుగుల ఎత్తుంటే నాలుగు గోడలే 440 అవుతాయి, పైకప్పుతో కలిపి 560. తలుపులు, కిటికీల కొలత తీసేస్తారో లేదో ముందే తేల్చుకోవాలి.

గోడ అందమంతా రంగుకు ముందు జరిగే పనిలోనే ఉంది. పొట్టు లేచిన పాత రంగు గీకాలి, లప్పం పెట్టాలి, ఆరాక ఎమెరీ పేపరుతో రుద్దాలి, ప్రైమర్ వేయాలి. ఆ తర్వాతే ఎమల్షన్ రెండు కోటింగులు. మంచి పనివాడు బల్బును గోడ పక్కగా పట్టుకుని ఆ వెలుగులో ఎత్తుపల్లాలు చూస్తాడు, అరచేత్తో తడుముతాడు. నాకు ఆ చేతి మీదే గురి. బేరంలో మనం కోసేది సరిగ్గా ఈ పనినే. ఇక చెమ్మ దిగే గోడకు ఎంత ఖరీదైన రంగు వేసినా పొక్కుతుంది.

ఎన్ని కోటింగులు, ఏ రకం, సరుకు ఎవరిది, అన్నీ కాగితం మీద రాయించుకోండి. ఇంకొక్క మాట. ఇళ్లకు వేసే రంగుల్లో సీసం 90 పీపీఎం దాటకూడదన్న నిబంధన 2017 నవంబరులో అమల్లోకి వచ్చింది. అంతకుముందటి రంగైతే తడిపి గీకించండి, పిల్లల్ని దూరంగా ఉంచండి. పనివాడికి మంచి మాస్కు కొనివ్వండి, ఆ ఖర్చూ బడ్జెట్టులో వేసుకోండి.