కత్తిరించిన అర్జీ

పిల్లలూ! ఇంగ్లీషులో వ్యాసం రాయమంటే, తోచిన వాక్యాలన్నీ ఒకే ముద్దగా రాసేస్తారు కదూ? నేనూ అలాగే రాసేవాణ్ణి. దానివల్ల ఒకరికి ఎంత ఇబ్బంది కలిగిందో చెబుతాను, వినండి.

నేను తొమ్మిదో తరగతి చదివే రోజులవి. మా పక్కింటి అత్తయ్యగారి భర్త పోయి అప్పటికి ఏడాది. ఆయన పనిచేసిన ఆఫీసునుంచి ఆమెకు రావలసిన పింఛను ఇంకా రాలేదు. "ఇంగ్లీషు చదువుతున్నావుగా నాయనా, ఒక అర్జీ రాసిపెట్టు," అన్నారావిడ. నాకు మహా గర్వం కలిగింది. రెండు పేజీల నిండా ఒకే పేరాగా రాసేశాను. ఆ మధ్యనే నేర్చుకున్న "హౌఎవర్" అనే మాట నాకు ఎంతో గొప్పగా కనిపించేది. దాన్ని ఏడు చోట్ల పెట్టాను.

నెల తిరిగాక జవాబు వచ్చింది: "మీ కోరిక ఏమిటో తెలియడంలేదు. స్పష్టంగా రాయండి." ఆ కాగితం చదివి చెప్పమని అత్తయ్యగారు నా దగ్గరికే వచ్చారు. అప్పటికే ఆవిడ పాలు పోయించుకోవడం మానేశారు. సిగ్గుతో నేను తల ఎత్తలేకపోయాను.

అర్జీ నకలు తీసుకుని మా ఇంగ్లీషు మాస్టారి ఇంటికి పరిగెత్తాను. ఆయన కోప్పడలేదు. కత్తెర నా చేతికిచ్చి, "ఏ వాక్యానికా వాక్యం కత్తిరించు," అన్నారు. ముక్కలన్నీ అరుగుమీద పరిచాము. "ఆమె ఎవరో చెప్పేవి ఒక కుప్ప. జరిగినది చెప్పేవి ఒక కుప్ప. కోరేది చెప్పేవి ఒక కుప్ప," అన్నారు. మూడో కుప్పలో ఒకే ఒక్క ముక్క పడింది! అదీ రెండో పేజీ నడుమ దాగి ఉన్నది. ఏ కుప్పలోనూ ఇమడని ముక్కలు ఆరు మిగిలాయి. వాటిని తీసేశాము.

"ఒక్కో కుప్ప ఒక్కో పేరా," అన్నారు మాస్టారు. "పూర్వం గ్రీకు లేఖకులు కొత్త విషయం మొదలయ్యేచోట అంచున చిన్న అడ్డగీత గీసేవారు. పేరాగ్రాఫ్ అంటే ఆ గీతే. ఇక వీటిని కలపాలి. మన తెలుగులో ఆ పని చాలావరకు క్రియ చివరనే జరిగిపోతుంది: వాన పడితే, వాన పడినా, వాన పడటంవల్ల. ఇంగ్లీషులో దానికి విడిగా మాటలున్నాయి: ఇఫ్, ఆల్‌దో, బికాజ్. వాక్యానికీ వాక్యానికీ నడుమ కూడా అంతే. అనుకున్నదానికి విరుద్ధంగా జరిగితే హౌఎవర్; ముందు చెప్పినదానికి ఫలితమైతే దేర్‌ఫోర్. నువ్వేమో, 'భర్త పోయాడు. అయినప్పటికీ ఆదాయం లేదు,' అని రాశావు!"

నాకు నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది.

కొత్త అర్జీ ఒక పేజీ కూడా లేదు. ఏడు హౌఎవర్‌లలో ఒక్కటే మిగిలింది: "కావలసిన కాగితాలన్నీ పంపాము. హౌఎవర్, పింఛను రాలేదు." చివరి పేరా దేర్‌ఫోర్‌తో మొదలైంది. ఆ వెంటనే ఆమె కోరిక, ఒక్క వాక్యంలో.

రెండు నెలలకు మనియార్డరు వచ్చింది. "ఈసారి ఏం రాశావు నాయనా?" అని అడిగారు అత్తయ్యగారు.

"తక్కువ రాశానండీ," అన్నాను.

మీరూ ఈసారి వ్యాసం రాశాక, నకలు తీసి కత్తిరించి చూడండి. ఏ ముక్క ఏ కుప్పలోదో మీకే తెలుస్తుంది. కత్తెర మాత్రం అమ్మనడిగి తీసుకోండి!