బంతితో బువ్వ దొరకునా?

మన తెలుగులో ‘బంతి’ అనే మాటకు రెండు అర్థాలు ఉన్నవి. పిల్లలు ఆడుకొనేది బంతి. పెండ్లిలోనో వలీమాలోనో విస్తళ్లు పరచి జనం వరుసగా కూర్చొనే పంక్తి కూడ బంతియే. ఆడే బంతి వల్ల తినే బంతిలో చోటు దొరకునా అని అడిగితే మన ప్రాంతపు పెద్దలు నవ్వి ఊరకుంటారు. ఆరేండ్ల క్రితం ఒక తండ్రి మమ్ములను ఈ ప్రశ్నే అడిగినాడు. మేము నవ్వలేదు, జవాబు చెప్పినాము. ఆ జవాబు తప్పని ఒప్పుకొనుటకే ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

ఆయన ఉదయగిరిలో కొయ్య చెంచాలు, గరిటెలు చెక్కే పనివాడు. దుర్గం కొండల అడవిలో దొరికే నర్ది, బిక్కి కొయ్యలను తెచ్చి, ఉలితో చెక్కి, ఆకురాయితో నున్నన చేసి అమ్ముకొనే కుటుంబం. చేతి వ్రేళ్ల నిండ ఉలి గాట్లు. కొడుకు మా కళాశాలలో బి.ఏ. రెండవ సంవత్సరం. వేసవి సెలవులలో హైదరాబాదు పాతబస్తీలోని మేనమామ ఇంటికి వెళ్లి ఫుట్‌బాల్ నేర్చుకొని వచ్చినవాడు. మన వైపు పిల్లలకు తెలిసినవి కబడ్డీ, వాలీబాల్, క్రికెట్. అందువల్ల అతనికి తోడు ఆడేవారు తక్కువ. సాయంకాలం సోమశిల జలాశయం దిగువన, పెన్న ఇసుకలో, రెండు రాళ్లు నిలిపి గోలు అనుకొని, ఒంటరిగా బంతి తన్నుకొనేవాడు. ఇసుకలో పరుగెత్తినవాని కాలికి గట్టినేల ఒక లెక్క కాదు. జిల్లా పోటీలలో అతని ఆట చూచినవారు విశ్వవిద్యాలయ జట్టు ఎంపికకు రమ్మని పిలిచినారు.

ఎంపిక జరిగే వారంలోనే కళాశాలలో పరీక్షలు. ప్రయాణానికి, బూట్లకు డబ్బు కావలెను. తండ్రి మా వద్దకు వచ్చి, కుర్చీలో కూర్చొనక, తలుపు ప్రక్కనే నిలబడి అడిగినాడు: “సార్, మావాడు బంతి వెంట పడినాడు. దీంతో బువ్వ దొరుకుతుందా? మీరు చదువుకున్నోళ్లు, మీరు ఎట్ల చెపితే అట్ల.”

అప్పుడు మేము కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజులు. లోకం తెలిసినవారమనే ధీమా ఉండేది. “దొరకదండీ. డిగ్రీ చేతికి రానీయండి, తరువాత చూతము” అన్నాము. ఆయన తల ఊపి, సలాం చెప్పి వెళ్లిపోయినాడు. కుర్రవాడు ఎంపికకు వెళ్లలేదు. పరీక్షలు వ్రాసినాడు. డిగ్రీ కూడ చేతికి వచ్చినది. దానితో ఉద్యోగం రాలేదు. రెండేండ్లు తిరిగి తిరిగి కువైట్‌కు వెళ్లి ఒక సామాన్ల గిడ్డంగిలో పనికి కుదిరినాడు.

ఈ సంగతి మళ్లీ మనసులోకి వచ్చుటకు కారణం ఈ యేడు తరగతిలో ఒక విద్యార్థి వేసిన ప్రశ్న. అతడు సెల్‌ఫోనులో అమెరికా ఆటగాడు టామ్ బ్రాడీ కథ చూచినాడట. “సార్, కాలేజీలో బంతి ఆడినవానికి కోట్లు ఎవరిస్తారు?” అన్నాడు. తరగతి నవ్వినది. మేము ఆ రాత్రి ఆ సంగతి చదివినాము.

అమెరికా వారు ఫుట్‌బాల్ అనేది మనం ఎరిగిన ఆట కాదు. కోడిగుడ్డు వలె కొనలు తేలిన బంతిని చేతబట్టి పరుగెత్తుతారు, విసురుతారు. ఎత్తుగడను నడిపి, బంతిని ఎవరికి అందించవలెనో కనురెప్పపాటులో తేల్చేవానిని క్వార్టర్‌బ్యాక్ అంటారు. బ్రాడీ అటువంటివాడు. మిషిగన్ విశ్వవిద్యాలయంలో ఆడినాడు. అక్కడ ప్రతి సంవత్సరం వృత్తి జట్లన్నీ ఒకచోట కూడి, కళాశాలల ఆటగాండ్లను వంతుల ప్రకారం ఎంచుకొంటవి. గడచిన యేడు అందరికంటె వెనుకబడిన జట్టుకు మొదటి వంతు. 2000వ సంవత్సరపు ఎంపికలో బ్రాడీ పేరు 199వది. అంతకు ముందే ఆరుగురు క్వార్టర్‌బ్యాక్‌లను జట్లు తీసికొన్నవి. ఆ 199వ వాడే తరువాత 7 సార్లు జాతీయ విజేత జట్టులో నిలిచి, 45 ఏండ్ల వయసున, 2023లో ఆట విరమించినాడు.

‘వడ్డించేవాడు మనవాడైతే కడబంతిని కూర్చున్నా ఒకటే’ అని మన సామెత. పక్షపాతాన్ని ఎత్తిపొడుచుటకు దీనిని వాడుతాము. కాని మాకు ఆ రాత్రి దీనిలో మరొక అర్థం తోచినది. బ్రాడీ కడబంతిలోనే కూర్చున్నాడు. అయినా వడ్డన అక్కడి దాకా వచ్చినది. కళాశాల మైదానం నుంచి వృత్తి దాకా అక్కడివారు ఒక బాట వేసి ఉంచినారు. మన పిల్లవానికి లేనిది ప్రతిభ కాదు, ఆ బాట.

మరి బాట లేనిచోట ఎవరైనా నడిచినారా? నడిచినారు. వారి కథలను మాకు మొదట చెప్పినవాడు ఆ కుర్రవాడే. మేము చెవిన పెట్టలేదు. అతని మేనమామ నోట ఎప్పుడూ మహమ్మద్ హబీబ్ పేరేనట. 2023 ఆగస్టు 15న హబీబ్ సాహెబు హైదరాబాదులో కన్నుమూసినప్పుడు పత్రికలలో ఆయన జీవితం చదివి, ఇంత దగ్గరి మనిషిని ఎరుగక పోతిమి గదా అని సిగ్గుపడినాము.

ఆయన 1949లో హైదరాబాదులో జన్మించినాడు. 1965 సంతోష్ ట్రోఫీలో ఆంధ్రప్రదేశ్ జట్టు బెంగాలును ఓడించి విజేత అయినప్పుడు ఆ జట్టులోని పసివాడు ఆయన. ఓడినవారే ఆయన విలువ కనిపెట్టినారు. మరుసటి యేడు ఈస్ట్ బెంగాల్ క్లబ్బు ఆయనను కలకత్తాకు పిలుచుకొన్నది. పదిహేడేండ్ల ప్రాయం, తెలియని భాష, తెలియని వూరు. ఆ నగరంలో ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్, మహమ్మడన్ స్పోర్టింగ్ మూడు పెద్ద జట్లకూ ఆడి, దాదాపు రెండు దశాబ్దాలు నిలిచినాడు. బెంగాలీలు ఆయనను ‘బడే మియా’ అని పిలుచుకొన్నారు. 1969 సంతోష్ ట్రోఫీ ఫైనలులో బెంగాల్ పక్షాన సర్వీసెస్ జట్టుపై ఆయన ఒక్కడే 5 గోల్సు కొట్టినాడు. 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడలలో కాంస్య పతకం గెలిచిన భారత జట్టులో ఉన్నాడు. 1977 సెప్టెంబరు 24న ఈడెన్ గార్డెన్స్‌లో పెలే ఆడిన న్యూయార్క్ కాస్మోస్ జట్టును మోహన్ బగాన్ 2–2తో నిలువరించినది. ఆ రెండు గోల్సులో ఒకటి హబీబ్‌ది. 1980లో అర్జున పురస్కారం వచ్చినది.

వీటన్నిటికంటె మమ్ములను పట్టి నిలిపిన సంగతి మరొకటి. ఆ కాలపు ఆటగాండ్లు బ్యాంకులోనో, రైల్వేలోనో, పోలీసు శాఖలోనో కొలువు చేస్తూ ఆడేవారు. జీతం కొలువుది, ఆట సాయంకాలానిది. హబీబ్ మాత్రం వచ్చిన ఉద్యోగాలను కాదని బంతినే వృత్తిగా నమ్ముకొన్నాడు. భారతదేశపు తొలి నిజమైన వృత్తి ఫుట్‌బాల్ ఆటగాడని ఆయనను చెప్పుకొనుట ఇందుకే. ఉదయగిరి తండ్రి ప్రశ్నకు అర్ధ శతాబ్దం ముందే ఆయన తన కాళ్లతో జవాబు చెప్పి ఉన్నాడు.

అయితే హబీబ్ వంటివారు ఆకాశం నుంచి ఊడిపడలేదు. వారికి ముందు హైదరాబాదులో ఒక పంతులుగారు ఉన్నారు. సయ్యద్ అబ్దుల్ రహీం 1909లో జన్మించి, ఉస్మానియా విశ్వవిద్యాలయ జట్టులో ఆడి, పట్టం పుచ్చుకొని, కాచిగూడ, చాదర్‌ఘాట్ వంటి చోట్ల బడులలో పాఠాలు చెప్పినాడు. 1950 నుంచి హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టును తీర్చినాడు. ఆ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా 5 సార్లు రోవర్స్ కప్పు గెలిచినది. ఆయన శిక్షణలో భారతదేశం 1951లో ఢిల్లీలో, 1962లో జకార్తాలో ఆసియా క్రీడల స్వర్ణం గెలిచినది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్సులో నాల్గవ స్థానం పొందినది. జకార్తా ఫైనలులో తలకు కుట్లు పడిన వెనుక వరుస ఆటగాడు జర్నైల్ సింగ్‌ను రహీం ముందు వరుసకు పంపినాడు. కొరియాపై గెలిచిన 2–1లో ఒక గోలు అతనిదే. అప్పటికే రహీం శరీరంలో క్యాన్సర్ ఉన్నది. 1963 జూన్‌లో ఆయన పోయినాడు.

మాకు ఉపాధ్యాయులుగా నచ్చినవి ఆయన పతకాల కంటె పాఠాలు. కుర్రవాండ్లకు బలహీనమైన కాలితో మాత్రమే బంతి తన్నవలెనని నియమం పెట్టి పోటీలు నడిపేవాడట. బంతిని తానే అంటిపెట్టుకొని పరుగెత్తరాదు, ప్రక్కవానికి అందించవలెను అని మరొక పోటీ. బలం ఉన్నచోట మురిసిపోక బలహీనత ఉన్నచోట సాధన చేయించుట, చేతికి అందినది తోటివానికి అందించుట నేర్పుట – తాలీమ్ అంటే ఇంతకు మించి ఏమున్నది?

తులసీదాస్ బలరాం కథ కూడ ఇక్కడే చెప్పవలెను. సికింద్రాబాదు ప్రక్క అమ్ముగూడలో పేద ఇంటి బిడ్డ. సాధనకు రమ్మని రహీం పిలిస్తే, అంత దూరం రోజూ వచ్చిపోవుటకు డబ్బు లేదన్నాడు. రహీం ‘చదువుకో, తరువాత చూతము’ అనలేదు. సైకిలు ఖర్చు తాను చూచుకొన్నాడు. ఆ సైకిలు బలరాంను 1956లో మెల్‌బోర్న్ దాకా, 1960లో రోమ్ దాకా తీసుకొనిపోయినది. రోమ్‌లో హంగరీపైన, పెరూపైన గోల్సు కొట్టినవాడు ఆయనే. జకార్తా స్వర్ణంలోనూ ఆయనకు పాలు ఉన్నది.

ఇది చదివినప్పుడు మాకు తలుపు ప్రక్క నిలబడిన ఉదయగిరి తండ్రి గుర్తుకు వచ్చినాడు. ఆయన అడిగినది నిజానికి భవిష్యవాణి కాదు. తన వల్ల కానిది మా వల్ల కాగలదేమో అని అడిగినాడు. కావలసినది ఒక బస్సు ఛార్జీ, ఒక జత బూట్లు, పరీక్షకు మరొక తేదీ. మేము ఇచ్చినది ఒక సలహా. సలహాకు ఖర్చు లేదు గనుక సులభంగా ఇచ్చినాము.

క్రీడావృత్తి పూలబాట అని మేము చెప్పము. హబీబ్ సాహెబు కడపటి సంవత్సరాలు జబ్బుతో గడచినవి. వెయ్యిమంది ఆడితే ఒకడు వృత్తిలో నిలుచును. కాని డిగ్రీ చదివిన వెయ్యిమంది సంగతి మాత్రం ఏమి? ఆ లెక్క మేము ఏ తండ్రికీ ఎప్పుడూ చెప్పలేదు.

గత సంవత్సరం ఆ కుర్రవాడు సెలవుపై వచ్చి కళాశాలకు వచ్చినాడు. మా కొరకు ఖర్జూరాలు తెచ్చినాడు. సాయంకాలం పిల్లలతో అరగంట ఆడినాడు. ఊపిరి ఆడక గట్టుమీద కూర్చున్నాడు. మేము ప్రక్కన కూర్చొని, ఆనాడు తప్పు చెప్పినామేమో అన్నాము. అతడు నొచ్చుకొనక నవ్వి, “అట్లేం లేదు సార్. పోయినా నన్ను తీసుకునేవాళ్లో లేదో. కాకపోతే ఓడిపోయి ఉంటే ఓడినానని ఉండేది. ఆడకుండానే వచ్చినానే అని అక్కడ రాత్రిపూట అనిపిస్తుంది” అన్నాడు. ఆ మాటకు మా వద్ద ఇప్పటికీ జవాబు లేదు.

ఈ యేడు మర్రిపాడు వైపు నుంచి వచ్చే ఒక విద్యార్థిని కబడ్డీ ఎంపిక కాగితం తెచ్చినది. వెంట వచ్చిన తల్లి అదే ప్రశ్న అడిగినది. “దొరుకుతుందని మేము మాట ఇవ్వలేమమ్మా. కాని రానుపోను ఖర్చు, పరీక్ష సంగతి మేము చూచుకొంటాము. బిడ్డను పంపండి” అన్నాము. మా సహోద్యోగిని ఒకరు తోడు వెళ్లినారు. అమ్మాయి ఎంపిక కాలేదు. మరునాడు తరగతికి వచ్చి, మోకాలి మీది గీరుడు స్నేహితురాండ్రకు చూపుతూ, ఎట్లు ఓడినదో గంటసేపు చెప్పినది. మేము పాఠం ఆపి విన్నాము.

కళాశాల కమిటీ పెద్దలకు మా మనవి చిన్నది. ఎంపికలకు వెళ్లే పిల్లల ప్రయాణానికి ఏటా కొంత సొమ్ము వేరుగా ఉంచండి. వారు తప్పిన అంతర్గత పరీక్షను మరొకనాడు వ్రాయనీయండి. ప్రియ విద్యార్థులారా, మీకు చెప్పేది ఇంకా చిన్నది. పిలుపు వస్తే దాచుకొనక మా వద్దకు రండి. వడ్డన కడబంతి దాకా వచ్చునో రాదో అల్లాహ్ ఎరుగును. విస్తరి వేసే పని మాత్రం మాది.