దెయ్యానికి శుభం కార్డు

మన పాత సినిమాల్లో ఒక గొప్ప సదుపాయం ఉండేది. ఆఖరి రీల్లో విలను చేతికి బేడీలు పడేవి, విడిపోయినవాళ్ళు కలుసుకునేవారు, ఇంటిల్లిపాదీ ఒక్క వరసలో నిలబడి దేనికో నవ్వేవారు, ఆ నవ్వు మీద ‘శుభం’ అని పడేది. అది పడకముందే సగం హాలు లేచి, కుర్చీల కింద చెప్పుల కోసం కాళ్ళతో దేవులాడుతూ ఉండేది. కథ కంచికి, మనం ఇంటికి. బయట రిక్షావాడితో బేరం మొదలయ్యేసరికి హీరో హీరోయిన్ల సంగతి ఎవరికీ జ్ఞాపకం ఉండేది కాదు.

దెయ్యాల సినిమాకి ఈ కార్డు వేయడం మహా ఇబ్బంది. మనిషి చస్తే దెయ్యమవుతాడంటారు. మరి దెయ్యం చస్తే ఏమవుతుంది? మళ్ళీ దెయ్యమే కదా! అందుకని ఆ సినిమాలు తీసేవాళ్ళు చివర్న ఓ కన్ను గీటి వదిలేస్తారు. సమాధి మీద మట్టి కాస్త కదులుతుంది. ఆరిపోయిన దీపం దానంతటదే వెలుగుతుంది. అంటే ఏమిటన్నమాట? వసూళ్ళు బాగుంటే మళ్ళీ వస్తామన్నమాట. అమెరికావాళ్ళు ఈ విద్యలో ఆరితేరారు. ‘ఫ్రైడే ది థర్టీన్త్’ నాలుగో భాగానికి 1984లో ‘ఆఖరి అధ్యాయం’ అని పేరు పెట్టారు. మరుసటేడే అయిదో భాగం వచ్చింది. కలల్లోకి వచ్చి చంపే ఫ్రెడ్డీ చచ్చిపోయాడని 1991లో ఏకంగా టైటిల్లోనే ప్రకటించారు. 1994లో మళ్ళీ లేచాడు. మా వీధి చివర బట్టల కొట్టువాడు ‘దుకాణం ఎత్తివేత అమ్మకం’ అని బోర్డు పెట్టి తొమ్మిదేళ్ళయింది. నిరుటి దసరాకి ఆ బోర్డుకి కొత్త రంగు కూడా వేయించాడు.

ఇల్లాంటి చోట ఒక సీరీస్ నిజంగానే ముగిసి, ఆ ముగింపు అటో ఇటో తేల్చకుండా ముగిస్తే దాన్ని ముగింపు అనాలా, ఎగవేత అనాలా? మా మేనల్లుడు ఎగవేత అంటాడు. అయిదు సినిమాలకి టిక్కెట్లు కొన్నవాడికి జవాబు చెప్పకపోవడం, అయిదు వాయిదాలు కట్టించుకుని సామాను ఇవ్వకపోవడం లాంటిదని వాడి వాదన. వాడు బ్యాంకులో పనిచేస్తాడు లెండి. వాణ్ణి ఇంత కోపానికి తెచ్చిన సినిమా పేరు ‘ఫాంటాజమ్’.

దీని మొదటి భాగం 1979లో వచ్చింది. తీసినవాడు డాన్ కోస్కరెల్లి. అప్పటికతనికి పాతికేళ్ళు. మూడు లక్షల డాలర్ల ఖర్చుతో, శని ఆదివారాల్లో తీశాడు. శుక్రవారం కెమెరా అద్దెకు తెచ్చి సోమవారం తిరిగి ఇస్తే ఒక్కరోజు అద్దెతో సరిపోయేదట. మనవాళ్ళకి తెలిస్తే మెచ్చుకోవలసిన విషయం. కథ ఏమిటంటే, తల్లీతండ్రీ పోయిన మైక్ అనే పదమూడేళ్ళ కుర్రాడు. వాడికో అన్న, జోడీ. వాళ్ళకో స్నేహితుడు రెజ్జీ, బండిలో ఐస్‌క్రీం అమ్ముకునేవాడు. ఆ ఊరి శ్మశానంలో శవసంస్కారాలు చూసే ఒక పొడుగాయన. ఈ పొడుగాయన నిండు శవపేటికను ఒంటిచేత్తో ఎత్తి కారులో పడేస్తాడు. ఊళ్ళో చచ్చినవాళ్ళని మరుగుజ్జులుగా కుదించి, రెండు ఇనపకడ్డీల మధ్య నుంచి వేరే లోకానికి వెట్టిచాకిరీకి పంపిస్తుంటాడు. అడ్డొచ్చినవాళ్ళ మీదికి వెండిలా మెరిసే గుండొకటి గాల్లో దూసుకొచ్చి నుదుట్లో బరమా దింపుతుంది. ఈ గుండు కోస్కరెల్లికి కలలో కనబడిందట.

ఇట్లా చెబితే నవ్వొస్తుంది. చెబుతుంటే నాకూ వచ్చింది. కాని చూస్తున్నప్పుడు నవ్వు రాదు. ఎందుకంటే ఆ సినిమా అసలు గుండు గురించీ కాదు, మరుగుజ్జుల గురించీ కాదు. అన్న సైకిలెక్కి పోతుంటే వెనకాల పరిగెత్తే కుర్రాడి గురించి. అమ్మానాన్నా వెళ్ళిపోయారు, ఇప్పుడు ఈ అన్న కూడా తనని వదిలి ఎక్కడికో వెళ్ళిపోతాడేమోనని వాడి బెంగ. చావంటే ఏమిటో పిల్లలకి మనం సరిగ్గా చెప్పం. ‘దేవుడి దగ్గరికి వెళ్ళారు’ అంటాం. దేవుడు ఎందుకు తీసుకెళ్ళాడో, అక్కడ ఏం పని చేయిస్తున్నాడో వాళ్ళే ఊహించుకోవాలి. మైక్ ఊహించుకున్నాడు. నల్లకోటు వేసుకున్న పొడుగాటి మనిషొకడు అందర్నీ పట్టుకుపోతున్నాడు.

ఊహించుకున్నాడా, నిజంగా చూశాడా? అక్కడే ఉంది పేచీ. చివర్లో వాడు నిద్రలేచేసరికి రెజ్జీ పక్కన కూర్చుని, అదంతా కలరా, మీ అన్న కారు ప్రమాదంలో పోయాడు అని ఓదారుస్తాడు. సరే, కుర్రాడి దుఃఖమే ఇన్ని వేషాలు వేసిందన్నమాట అని మనం నిట్టూర్చి లేవబోతాం. వాడు మేడమీద గదిలోకి వెళ్ళి తలుపుకున్న అద్దం వైపు చూసేసరికి అందులో పొడుగాయన! అద్దం బద్దలవుతుంది, చేతులు వచ్చి కుర్రాణ్ణి లోపలికి లాక్కుంటాయి. అయిపోయింది.

పొడుగాయన వేషం వేసిన ఆంగస్ స్క్రిమ్ గురించి ఒక్కమాట చెప్పకపోతే తప్పు. అసలు పేరు రోరీ గై. గ్రామఫోను రికార్డుల అట్టల మీద వ్యాఖ్యానాలు రాసేవాడు. ఆ రాతకి గ్రామీ బహుమతి కూడా వచ్చింది. స్వతహాగానే ఆరడుగుల పైన మనిషి. ఇంకా పొడుగ్గా కనబడాలని ఎత్తుమడమల బూట్లు, చాలీచాలని కోటు తొడిగారు. శాస్త్రీయ సంగీతం మీద వ్యాసాలు రాసుకునే పెద్దమనిషి ముప్పై ఏడేళ్ళపాటు కనుబొమ్మ ఒక్కటి ఎగరేసి జనాన్ని జడిపించి బతికాడు. ఎవరి అన్నం ఎక్కడ రాసిపెట్టి ఉందో!

తరవాతి భాగాల గురించి పెద్దగా చెప్పేదేం లేదు. రెండోది 1988లో, పెద్ద కంపెనీ డబ్బుతో, మైక్ వేషానికి వేరే నటుడితో. మూడోది 1994లో, పాత మైక్ తిరిగొచ్చాడు. పోయిన జోడీ అందులో గుండు రూపంలో దర్శనమిస్తాడు, అడక్కండి. నాలుగోది 1998లో. అప్పటికి మళ్ళీ డబ్బుల్లేవు. అందుకని మొదటి భాగంలో కత్తిరించి దాచిన పాత ఫిల్ము బయటికి తీశారు. ఆ లేమే వాళ్ళకి కలిసొచ్చింది. ఇరవై ఏళ్ళ కిందటి మైక్, ఇరవై ఏళ్ళ కిందటి రెజ్జీ, రాత్రిపూట ఐస్‌క్రీం బండిలో పక్కపక్కన కూర్చుని ఇంటికి పోతుంటారు. నాలుగో భాగం అక్కడ ఆగుతుంది. ఇంతకన్నా మంచి ముగింపు లేదనేవాళ్ళు చాలామంది ఉన్నారు, వాళ్ళ మాట తీసిపారేసేది కాదు.

పద్దెనిమిదేళ్ళ తరవాత, 2016లో అయిదోది, ఆఖరిది వచ్చింది. దీనికి దర్శకుడు డేవిడ్ హార్ట్‌మన్. స్క్రిమ్ ఆ జనవరిలోనే పోయాడు, సినిమా అక్టోబరులో విడుదలయింది. ఇందులో అందరూ ముసలివాళ్ళే. రంగు పూసిన ముసలితనం కాదు, నిజంగా వచ్చిందే. రెజ్జీ ఎడారి దారిలో తన కారు కోసం వెతుక్కుంటూ ఉంటాడు. రెప్ప వేసి తీసేసరికి ఆసుపత్రిలో చక్రాల కుర్చీలో ఉంటాడు. ఎదురుగా మైక్ కూర్చుని, నీకు మతిమరపు జబ్బు వచ్చింది, పొడుగాయనా లేడు, గుండ్లూ లేవు అని మెల్లిగా చెబుతాడు. మళ్ళీ రెప్ప వేస్తే కొండంత గుండ్లు ఆకాశంలో తిరుగుతూ, ఊళ్ళు పాడుపడిపోయి, మైక్ తుపాకీ పట్టుకుని యుద్ధం చేస్తుంటాడు. ఒకచోట ఆసుపత్రిలో పక్కమంచం మీద ముసలిరోగి ఎవరా అని చూస్తే పొడుగాయన ముఖమే. ఏది నిజమో చివరిదాకా చెప్పరు. ఆఖర్న రెజ్జీ మంచం మీద, అటు మైక్, ఇటు జోడీ ఉండగా కన్నుమూస్తాడు. వెంటనే ఆ పాడుపడిన లోకంలో ముగ్గురూ కలిసి కారెక్కి పొడుగాయన మీదికి బయల్దేరతారు. అంతే సంగతులు, చిత్తగించవలెను.

మా మేనల్లుడి ఫిర్యాదుల్లో న్యాయం లేకపోలేదు. డబ్బుల్లేక కంప్యూటర్లో చేసిన ఆ మంటలూ ఆ గుండ్లూ శ్రీరామనవమి పందిట్లో అట్టముక్కల సెట్టింగులా ఉన్నాయి. పొడుగాయన ఎవడు, ఎక్కడివాడు, ఇన్ని శవాలు వాడికెందుకు అనే ప్రశ్నలు 1979లో ఎక్కడున్నాయో అక్కడే ఉన్నాయి. ఇదంతా ఒప్పుకుంటాను. ముగింపు దగ్గర మాత్రం వాడితో కలవలేను.

మనకు బేతాళుడి కథలు ఉన్నాయి కదా. భుజాన శవం, చేతిలో కత్తితో విక్రమార్కుడు నడుస్తున్న శంకర్‌గారి బొమ్మ చందమామ చదివినవాళ్ళెవరూ మరిచిపోరు. ప్రతి నెలా ప్రశ్న, ప్రతి నెలా రాజుగారి జవాబు, జవాబు చెప్పీ చెప్పగానే శవం మళ్ళీ చెట్టెక్కడం. చూడండి ఏర్పాటు! జవాబు దొరికినంతకాలం ఆ కథకి అంతు లేదు. చందమామవాళ్ళు దశాబ్దాలు నడిపారు. అసలు సంస్కృతం కథలో మాత్రం ముగింపు ఉంది. ఒక తండ్రీ కొడుకూ అడవిలో ఇద్దరాడవాళ్ళ అడుగుజాడలు చూస్తారు. పెద్ద పాదాలావిడ తండ్రికీ, చిన్న పాదాలావిడ కొడుక్కీ అనుకుంటారు. తీరా చూస్తే పెద్ద పాదాలు కూతురివి, చిన్నవి తల్లివి! అన్నమాట ప్రకారం పెళ్ళిళ్ళు చేసేసుకుంటారు. వాళ్ళకి పుట్టిన పిల్లలు ఒకరికొకరు ఏమవుతారు అని బేతాళుడి ప్రశ్న. రాజుకి జవాబు తట్టక నోరు మూసుకుని నడిచాడు. శవం చెట్టెక్కలేదు. బేతాళుడు మెచ్చుకుని, నిన్ను బలివ్వాలని చూస్తున్న సన్యాసి సంగతి ఇదీ అని చెప్పి రాజు ప్రాణం కాపాడాడు.

రాజు తెలిసి దాచలేదు, నిజంగా తెలియకే ఊరుకున్నాడు. దెయ్యాల సినిమాల్లోనూ నేను చూసుకునేది ఇదే. సమాధి మీద మట్టి కదిలించేవాడు జవాబు పెట్టెలో పెట్టి తాళం వేసుకున్నాడు, వచ్చే ఏడు అమ్ముతాడు. కోస్కరెల్లి ముఠా పెట్టెలో ఏమీ లేదు. మొదటి భాగంలో అడిగిందీ చివరి భాగంలో అడిగిందీ ఒకటే ప్రశ్న. అప్పుడు పదమూడేళ్ళ కుర్రాడి దుఃఖం వైపు నుంచి అడిగారు, ఇప్పుడు ముసలాయన మరపు వైపు నుంచి అడిగారు. అప్పుడు కుర్రాడి పక్కన రెజ్జీ కూర్చుని అదంతా కలరా అన్నాడు. ఇప్పుడు రెజ్జీ పక్కన ఆ కుర్రాడే కూర్చుని అదే మాట అంటున్నాడు.

తేల్చి చెప్పే ముగింపులు చెడ్డవని నేననను. 1978లో మొదలైన ‘హాలోవీన్’ వరసలో 2022లో వచ్చిన దాంట్లో ముసుగు హంతకుడి శవాన్ని ఊరంతా ఊరేగించి, పాత కార్లని తుక్కు చేసే యంత్రంలో పడేశారు. అంతకన్నా తేల్చడం ఎవరి తరమూ కాదు. అందులోనూ ఒక తృప్తి ఉంది, శవదహనం కళ్ళారా చూసి స్నానం చేసి వచ్చినట్టు ఉంటుంది. కాని అది చంపాల్సినవాడు బయట ఉన్న కథ.

మా పెద్దనాన్న రైల్వేలో గార్డుగా చేశాడు. చివరి మూడేళ్ళూ ఆయనకి ఈ మరపు జబ్బే. పగలు బాగానే ఉండేవాడు. రాత్రి రెండింటికి లేచి కూర్చుని, గూడ్సు లూప్ లైన్లో నిలబడిపోయింది, నా దీపం ఏదీ, జెండాలేవీ అని వెతుక్కునేవాడు. మా అన్నయ్య మొదట్లో “నాన్నా, నువ్వు రిటైరై ఇరవయ్యేళ్ళయింది, ఇది మనిల్లు” అని ఓపిగ్గా చెప్పేవాడు. చెప్పిన ప్రతిసారీ ఆయనకది కొత్త వార్తే. ముఖం పాలిపోయేది. ఇరవయ్యేళ్ళూ ఎక్కడ పోయాయిరా అని ఒకసారి అడిగాట్ట. అన్నయ్య దగ్గర జవాబు లేదు. ఆ తరవాత వదిన ఆ పని తను తీసుకుంది. “లైన్ క్లియర్ ఇంకా ఇవ్వలేదు మామయ్యగారూ. ఇవ్వగానే నేను లేపుతాగా, కాస్సేపు నడుం వాల్చండి” అనేది. ఆయన సరేనమ్మా అని పడుకునేవాడు. దీపం పక్కనే ఉండాలనేవాడు, టార్చిలైటు పెట్టేది. పోయే ముందురోజు రాత్రి, లైన్ క్లియర్ వచ్చిందా అమ్మా అని అడిగాడు. వచ్చింది మామయ్యగారూ అంది.

ఆయన ఆ రాత్రి ఇంట్లో మంచం మీద ఉన్నాడా, బ్రేక్ వ్యానులో ఉన్నాడా అంటే డాక్టరు చెప్పే జవాబు ఒకటుంది. ఆయనని అడిగితే వచ్చే జవాబు వేరు. మాకు కావలసింది మాత్రం ఆయన పక్కన ఎవరైనా ఉన్నారా లేదా అన్నది.

రెజ్జీ మంచం చుట్టూ కూర్చున్నదెవరో, ఆ కారులో ఎక్కినదెవరో చూస్తే మనుషులు ఒకరే. ఇటు మైక్, జోడీ. అటూ మైక్, జోడీ. లోకం ఏదైనా కానివ్వండి, అన్న తనని వదిలిపోతాడేమోనని 1979లో ఒక కుర్రాడు పడ్డ బెంగకి రెండు లోకాల్లోనూ జవాబు చెప్పేశారు. పొడుగాయన ఊరూ పేరూ చెప్పలేదంటారా, చెప్పలేదు. నాలుగో భాగంలో జెబెడయా మార్నింగ్‌సైడ్ అనే మెత్తని ముసలాయన ఆ రెండు కడ్డీల మధ్యకు వెళతాడు, మరుక్షణం ఈ పొడుగాయన బయటికి వస్తాడు. లోపల ఏం జరిగిందో కెమెరా వెళ్ళి చూడలేదు. మా మేనల్లుడు ఇంకా అక్కడే నిలబడి ఉన్నాడు.